మీ కష్టం థెరపిస్టుకి ఏమర్థమైందో మీకు చెప్పారా?

థెరపీకి వెళ్తున్నామని ఎవరైనా చెప్తే నేను మొదట అడిగేది ఒక్కటే. ఈ ఇబ్బంది మీకే ఎందుకొచ్చింది, అప్పుడే ఎందుకొచ్చింది, ఇన్నాళ్లయినా ఎందుకు వదలట్లేదు, వీటి గురించి మీ థెరపిస్టుకి ఏమర్థమైందో మీకు చెప్పారా? చాలామంది కాసేపు ఆలోచించి "యాంగ్జయిటీ అన్నారండీ" అంటారు. కొందరు "మైల్డ్ డిప్రెషన్ అని రాశారు" అంటూ చీటీ చూపిస్తారు. అది జబ్బు పేరు. నేనడుగుతున్నది దాని గురించి కాదు. నాలుగైదు సెషన్లు కూర్చుని, డబ్బులు కట్టి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోనివి చెప్పుకుని వచ్చిన మనిషికి, ఎదురుగా కూర్చున్నవాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో తెలియకపోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది. నేను విజయవాడలో సైకాలజిస్టుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి ఇది బయటినుంచి అంటున్న మాట కాదు.

పేర్లు వద్దని నేననను. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక జబ్బుల పేర్లు, లక్షణాల పుస్తకం డీఎస్ఎమ్ మూడో కూర్పు తెచ్చినప్పుడు దాని వెనక నిజమైన అవసరమే ఉంది. అప్పటిదాకా ఒకే మనిషిని చూసి ఒక డాక్టరు ఒక పేరు, ఇంకో డాక్టరు ఇంకో పేరు పెట్టే పరిస్థితి. అందుకని లక్షణాల జాబితా పెట్టి, వీటిలో ఇన్ని ఇన్నాళ్లుగా ఉంటే ఈ పేరు అని తేల్చారు. మందు రాయాలన్నా, సర్టిఫికెట్ ఇవ్వాలన్నా, పరిశోధన చేయాలన్నా ఆ పేరు కావాలి. కానీ చాలా జబ్బుల విషయంలో ఆ పుస్తకం కావాలనే కారణాల జోలికి పోలేదు. అందుకే పేరు దగ్గరే ఆగిపోతే ఉన్నచోటే తిరుగుతాం. నిద్ర ఎందుకు పట్టట్లేదు? డిప్రెషన్ ఉంది కాబట్టి. డిప్రెషన్ ఉందని ఎలా తెలిసింది? నిద్ర లేదు, ఆకలి లేదు, దేనిమీదా మనసు పోవట్లేదు కాబట్టి. ఇందులో ఆ మనిషి ఎక్కడుంది?

పేరు దాటి థెరపిస్టు కట్టుకోవాల్సిన అవగాహనని మా వృత్తిలో కేస్ ఫార్ములేషన్ అంటారు. చదువుకునేటప్పుడు ఐదు ప్రశ్నలుగా నేర్పిస్తారు: ఇప్పుడున్న కష్టం ఏమిటి, ముందునుంచే ఆ మనిషిని దానికి దగ్గర చేసినవేమిటి, ఏ సంఘటనతో మొదలైంది, ఏది దాన్ని తగ్గనివ్వట్లేదు, ఇంత కష్టంలోనూ ఏది ఆ మనిషిని నిలబెడుతోంది. వినడానికి తేలిగ్గానే ఉంటాయి. ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాటికి జవాబులు రాబట్టడం ఎలా ఉంటుందో చెప్తాను. ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి రాస్తున్నాను.

ఆవిడకి నలభై దాటాయి. రెండేళ్లుగా ఉన్నట్టుండి గుండె దడ, చేతులు చల్లబడటం, వేళ్లకి తిమ్మిర్లు, కళ్లు తిరగడం, ఇక అయిపోయింది, ప్రాణం పోతోంది అనిపించడం. ఈసీజీ తీశారు, టూడీ ఎకో తీశారు, థైరాయిడ్ చూశారు, రక్తం చూశారు. అన్నీ నార్మల్. ఆ పరీక్షలు జరగాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా, ఒంట్లో రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది, అవి చూడకుండా అంతా మనసులోనే ఉంది అనడం తప్పు. చివరికి "ఏమీ లేదమ్మా, టెన్షన్ పడకండి" అని పంపించారు. ఆవిడ నాతో అన్న మొదటి మాట: "ఏమీ లేకపోతే నాకెందుకొస్తోంది మేడమ్? నేనేమన్నా నటిస్తున్నానా?"

ఇలాంటప్పుడు "మీకెప్పుడెప్పుడు వస్తుంది?" అని అడిగితే "ఎప్పుడూ వస్తూనే ఉంటుందండీ" అన్న జవాబొస్తుంది. దాంతో ఏమీ తెలియదు. ఒక్కసారి గురించే అడగాలి, అదీ చివరిసారి గురించి. ఎప్పుడు? గురువారం పొద్దున. ఎక్కడున్నారు? సిటీ బస్సులో, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. నిలబడ్డారా, కూర్చున్నారా? కూర్చున్నా, తలుపు పక్క సీట్లో. రోజూ అక్కడేనా? అక్కడే, అవసరమైతే గబుక్కున దిగిపోవచ్చని. మొదట ఏం తెలిసింది? ఉక్క. ఆ తర్వాత? గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. అది వినిపించగానే మనసులో ఏమొచ్చింది? ఇక్కడ ఆవిడ ఆగిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. "మా మరిదికి కూడా ఇలాగే మొదలైంది" అన్నారు.

దడ మొదలవడానికి కొన్ని నెలల ముందు మరిది గుండెపోటుతో పోయాడు. ఛాతీలో మంటగా ఉంది వదినా అంటే గ్యాసేమోనని మజ్జిగ కలిపి ఇచ్చింది ఈవిడే. తర్వాత ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఈవిడ పక్కనే, దారిలోనే పోయాడు. రెండేళ్ల ఫైల్లో ఈ సంగతి ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు.

ఇద్దరం కలిసి ఒక తెల్లకాగితం మీద గీసుకున్నాం. ఉక్కకి గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. మరిదిలాగే నాకూ అన్న ఆలోచన. దాంతో భయం. భయంతో ఊపిరి వేగం. ఊపిరి వేగానికి కళ్లు తిరగడం, తిమ్మిర్లు. అవి చూసి నిజంగానే పోతున్నానన్న నమ్మకం. దాంతో ఇంకా భయం, గుండె ఇంకా వేగం. బాణం గుర్తు తిరిగి మొదటికే వచ్చింది. ఈ చక్రం నేను కనిపెట్టింది కాదు, 1986లో ఇంగ్లండ్‌లో సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్ పానిక్‌కి, అంటే ఇలా ఉన్నట్టుండి ముంచెత్తే భయానికి, ఇచ్చిన వివరణ: ఒంట్లో వచ్చే మామూలు మార్పుని ప్రాణాపాయంగా అర్థం చేసుకోవడమే ఆ మార్పుని పెంచుతుంది. కానీ క్లార్క్ మాటని అలాగే ఆవిడ చేతిలో పెడితే అదీ ఒక చీటీయే అవుతుంది. ఆ కాగితం మీద "మరిది" అన్న మాట ఉంది, "బెంజ్ సర్కిల్" ఉంది, "తలుపు పక్క సీటు" ఉంది. అవి ఉన్నందువల్లే అది ఆవిడ కాగితమైంది.

తర్వాత దాన్ని పరీక్షించాలి, ఎందుకంటే ఎంత బాగా కుదిరినా అది అప్పటికి ఊహే. గుండె డాక్టరు బాగుందన్నాక, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఇద్దరం కావాలనే గబగబా ఊపిరి పీల్చి వదిలాం. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానికే తల తేలిపోతుంది, వేళ్లు జివ్వుమంటాయి. రెండు నిమిషాలనుకున్నాం. ఆవిడ ముందే చెయ్యెత్తి ఆపేశారు. వేళ్లు మూసి తెరిచి చూసుకుంటూ "ఇదే మేడమ్, ఇదే తిమ్మిరి" అన్నారు. నేను పది సెషన్లు వివరించినా రాని నమ్మకం అది. అక్కడిదాకా నా ఊహగా ఉన్నది అక్కడినుంచి ఆవిడకి తెలిసిన విషయమైంది.

ఇక మిగిలింది అసలు ప్రశ్న: రెండేళ్లలో ఎన్నోసార్లు ప్రాణం పోతుందనుకున్నా ఒక్కసారీ పోలేదు కదా, మరి భయం ఎందుకు తగ్గలేదు? పర్సులో నాలుక కింద పెట్టుకునే మాత్ర. చేతిలో నీళ్ల సీసా. మాటిమాటికీ మణికట్టు పట్టుకుని నాడి చూసుకోవడం. ఆఫీసులో పర్మిషన్ పెట్టి మరీ తోడొచ్చే భర్త. ప్రతిసారీ బయటపడ్డాక మనసు ఆ గొప్పని వీటికిచ్చేస్తుంది, మాత్ర ఉంది కాబట్టి బతికాను, ఆయన పక్కనున్నారు కాబట్టి బతికాను అని. ఏమీ లేకపోయినా బతికేదాన్నే అని తెలుసుకునే సందర్భమే రాదు. భర్త చేసింది ప్రేమతోనే, అందులో అనుమానం లేదు, ఆయన్ని తప్పు పట్టకుండా ఈ మాట చెప్పడానికి నాకు ఒక పూర్తి సెషన్ పట్టింది.

నేను గట్టిగా నమ్మేదొకటి ఇక్కడ చెప్పాలి. మనవాళ్లు థెరపీ అనగానే చిన్నతనంలోకి తవ్వుకుంటూ పోవడమే అనుకుంటారు, రూట్ కాజ్ దొరికితే అంతా విడిపోతుందనుకుంటారు. మొదలైన కారణం, ఇంకా పట్టుకుని ఉన్న కారణం ఒకటే కానక్కర్లేదు. మరిది చావుని ఎవరూ వెనక్కి తిప్పలేరు, పర్సులో మాత్ర మాత్రం రేపే ఇంట్లో పెట్టి రావొచ్చు. చెయ్యి పెట్టగలిగిన చోటు చూపించని అవగాహన ఎంత లోతుగా ఉన్నా ఆ మనిషికి దానివల్ల ఒరిగేది తక్కువ. అలాగే, ఏది నిలబెడుతోంది అన్న ఐదో ప్రశ్నని చాలామంది మర్యాద కోసం అడిగి వదిలేస్తారు. ఈవిడ శుక్రవారం గుడికి మాత్రం ఒక్కతే నడిచి వెళ్తారు. అక్కడ ఒక్కసారి కూడా దడ రాలేదు. ఒంటరిగా బయటికి వెళ్లే అలవాటు మళ్లీ మొదలుపెట్టింది ఆ దారినుంచే, గుడి దాటి ఒక వీధి, ఆ తర్వాత బస్టాపు.

దడ తగ్గుతున్నకొద్దీ ఇంకోటి పైకొచ్చింది. ఆ మజ్జిగ. "గ్యాసని నేను అనకపోయుంటే" అన్న మాట. తోడికోడలి ఎదురుగా ఒంటరిగా కూర్చోలేకపోవడం. ఇది మేం గీసుకున్న చక్రంలో ఎక్కడా ఇమడదు, భయం కాదిది, అపరాధభావం. కాగితం పక్కన పెట్టి ఇంకో కాగితం తీసుకున్నాం. అవగాహన అనేది మూడో సెషన్‌లో రాసి ఫైల్లో పెట్టేసేది కాదని నేను పదేపదే అనేది ఇందుకే.

ఊహని ఊహగా ఉంచుకోకపోతే ఏమవుతుందో మా శాస్త్రం పుట్టిన తొలిరోజుల్లోనే కనిపించింది. 1900లో వియన్నాలో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయిని తండ్రి ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకొచ్చాడు. డోరా అన్నది ఆయన రాతలో పెట్టిన మారుపేరు. దగ్గు, ఉన్నట్టుండి గొంతు పోవడం, చచ్చిపోతానన్నట్టు రాసిన ఉత్తరం. తండ్రి స్నేహితుడు తనతో తప్పుగా ప్రవర్తించాడని ఆమె చెప్తే ఇంట్లో కల్పన అన్నారు. ఆ తండ్రికేమో ఆ స్నేహితుడి భార్యతో సంబంధం ఉంది. జరిగిందని ఆమె చెప్పినదాన్ని ఫ్రాయిడ్ నమ్మాడు, అంతవరకు ఆమెకి న్యాయమే జరిగింది. కానీ లోలోపల నువ్వు ఆ స్నేహితుణ్నే ప్రేమిస్తున్నావని ఒక అర్థం కట్టి, ఆమె కాదన్నప్పుడల్లా ఆ కాదనడాన్నే తన మాటకి రుజువుగా తీసుకున్నాడు. ఏడాది చివరి రోజున, డిసెంబరు 31న, ఇక రానని చెప్పి ఆమె వెళ్లిపోయింది. మొత్తం కలిపి పదకొండు వారాలు. క్లయింటు కాదంటే తప్పయ్యే వీలు లేని అవగాహనని ఎవరిమీదా రుద్దే హక్కు మాకు లేదు.

నూట పాతికేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు, మాటలు మారాయంతే. మొదటి సెషన్‌లోనే "మీది చైల్డ్‌హుడ్ ట్రామా" అని తేల్చేసినవాళ్ల దగ్గర్నుంచి నా దగ్గరికొచ్చిన క్లయింట్లున్నారు. ఇప్పుడు రీల్స్ చూసి క్లయింట్లే ముందుగా తేల్చుకుని వస్తున్నారు, అటాచ్‌మెంట్ స్టైల్ (మనుషులకి దగ్గరయ్యే తీరు) ఫలానా, భర్త నార్సిసిస్టు (తన గొప్ప తప్ప ఇంకేదీ పట్టనివాడు) అని. వాళ్లని నేను తప్పు పట్టను, ఎవరూ వివరించని చోట దొరికిన వివరణని పట్టుకుంటారు. వాళ్ల బాధకి ఒక ఆకారం దొరికిందన్న ఊరట నిజమైనదే. కానీ అది ఎవరికైనా సరిపోయే ఆకారం. ఈ విషయంలో మావాళ్లకీ ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన అవసరముంది: 1990లలో అమెరికాలో సైకాలజిస్టు జాక్వెలిన్ పర్సన్స్, ఆమెతో పనిచేసినవాళ్లు ఒకే కేసుని చాలామంది థెరపిస్టులకిచ్చి చూస్తే, పైకి కనిపించే సమస్యలేమిటో చెప్పడంలో బాగానే కలిశారు, లోపల ఏం జరుగుతోందో చెప్పడంలో మాత్రం తలో మాట అన్నారు. లోతుగా వెళ్లేకొద్దీ మాకు నమ్మకం పెరుగుతుంది, మేం కరెక్టయ్యే అవకాశం పెరగదు. క్లయింటు ముందు పెట్టి "ఇది సరిగ్గా ఉందా, ఎక్కడ అతకట్లేదు?" అని అడగడం మర్యాద కోసం కాదు, తప్పు దొరికే దారి అదొక్కటే.

ఇంకో గొడవ ఉంది, నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. మేం గీసే బొమ్మలన్నీ మనిషి తలలోపలే గీస్తాం. మా ఊళ్లో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలకి కొదవలేదు. పదిహేడేళ్ల పిల్లవాడు, పరీక్ష కాగితం చేతికి రాగానే వణుకు, కడుపులో తిప్పడం, రాత్రి నిద్ర లేదు. తల్లిదండ్రులు అడిగేది "కాన్‌సన్‌ట్రేషన్ పెంచండి మేడమ్" అని. వాడి రోజు అడిగి రాసుకోండి. చీకటితోనే లేపుతారు, రాత్రి పదిదాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, మార్కుల లిస్టు గోడ మీద, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు, ఇంటికి ఫోను వారానికోసారి, అదీ వెనక లైనులో పిల్లలు నిలబడి వింటుండగా. ఈ రోజుని వదిలేసి "పర్ఫెక్షనిజం, నెగెటివ్ థింకింగ్" అని ఫైల్లో రాస్తే నేను కాలేజీ తరఫున పనిచేసినట్టే. వాడి ఆలోచనలో తప్పేముంది? ర్యాంకు పోతే సెక్షన్ మారుస్తారన్నది భ్రమ కాదు. అప్పులవాళ్లు ఇంటిమీదికొస్తున్న రైతుకి, రోజూ తాగొచ్చి కొట్టే భర్తున్న మనిషికి కూడా ఇదే వర్తిస్తుంది. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ వాళ్లు 2011లో ఫార్ములేషన్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో సామాజిక పరిస్థితులు ఇందులో భాగమేనని స్పష్టంగా చెప్పారు. ఆ పిల్లవాడి విషయంలో నేను ఎక్కువ మాట్లాడింది వాడితో కాదు, వాళ్ల నాన్నతో. "అందరు పిల్లలూ చదువుతున్నారు కదండీ" అన్నాడాయన. ఆ మాట కూడా కాగితం మీదికెక్కాల్సిందే, వాడి నిద్ర పోవడంలో దానికీ వాటా ఉంది.

ఇంట్లోవాళ్లని గదిలోకి రానివ్వకూడదన్న పట్టింపు మన దగ్గర నడవదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలని ఆవరణలో గుడారాలు వేయించి ఉంచి, వాళ్లనీ వైద్యంలో కలుపుకున్నారు. కాకపోతే కోడలు మాట్లాడుతుంటే అత్తగారు పక్కన కూర్చుని జవాబులు చెప్తే వచ్చేది అత్తగారి ఫార్ములేషన్. కాబట్టి ఇద్దరినీ పిలవాలి, విడివిడిగా వినాలి. ఇక దిష్టి, శని, ఎవరో ఏదో చేయించారన్న అనుమానం, ఇవి వినగానే చాలామంది థెరపిస్టులు పెన్ను ఆపేస్తారు. తైవాన్‌లో పనిచేసిన అమెరికన్ సైకియాట్రిస్టు ఆర్థర్ క్లీన్‌మన్ 1970ల చివర్లోనే చెప్పాడు, రోగిని తిన్నగా అడగండి, దీన్ని మీరేమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, అన్నిటికన్నా దేనికి భయపడుతున్నారు అని. ఎవరో చేయించారు అన్నప్పుడు నేను "ఎవరని మీ అనుమానం?" అని అడుగుతాను. తొంభైపాళ్లు ఆ జవాబులో ఒక ఆస్తి తగాదా ఉంటుంది, లేకపోతే మాటలు ఆగిపోయిన అక్కో చెల్లెలో ఉంటుంది.

అన్నీ చెప్పేస్తే తట్టుకోలేరని కొందరు సీనియర్లు నాతో వాదిస్తారు. అందులో నిజం లేకపోలేదు. సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, భ్రమలు) ఉన్నవాళ్లకి వాళ్ల ఫార్ములేషన్ చూపించి ఇంగ్లండ్‌లో పాల్ చాడ్విక్ బృందం చేసిన ఒక చిన్న అధ్యయనంలో, కొందరికి ధైర్యం వచ్చింది, కొందరికి దిగులు, భయం కలిగాయి. జీవితమంతా ఒక్క కాగితం మీద కనిపిస్తే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. అందుకని దాచాలా? ఎంత, ఎప్పుడు, ఏ మాటల్లో అన్నది చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో ఆంథొనీ రైల్ మొదలుపెట్టిన థెరపీ పద్ధతిలో థెరపిస్టు తనకర్థమైనదాన్ని క్లయింటుకే ఉత్తరంగా రాసి, ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తారు, క్లయింటు దిద్దుతారు. నేను తెలుగులో, వాళ్లు వాడిన మాటలతోనే, ఒక పేజీ దాటకుండా రాసిస్తాను. ఇంట్లో ఎవరైనా చూస్తారన్న భయముంటే నా దగ్గరే ఉంచుతాను. ఒకావిడ "నేను పిరికిదాన్ని" అన్న మాట కొట్టేయించి "నేను భయపడ్డాను" అని రాయించుకున్నారు.

ఇదంతా ఖాళీ ఉన్నవాళ్లు చేసే పని, ప్రభుత్వాస్పత్రి ఓపీలో ఎలా కుదురుతుంది అంటారా, నేను కొట్టిపారేయను. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందట్లేదు. లైనులో వందమంది నిలబడ్డప్పుడు డాక్టరుని గంట కూర్చోమనలేం. కానీ "చివరిసారి ఎప్పుడొచ్చింది, అప్పుడేం జరుగుతోంది, మీకేమనిపించింది" అని అడగడానికి గంట అక్కర్లేదు. గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం మామూలు స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఒళ్లు నొప్పులు, నీరసం అంటూ వచ్చినవాళ్లతో వాళ్ల బాధకీ, జీవితంలో జరుగుతున్నదానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడించింది. 2010లో వచ్చిన ఫలితాల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలకొచ్చిన రోగులకి అది మేలు చేసిందని తేలింది. వైద్యం, సైకాలజీ చదవనివాళ్లు ఆపాటి చేయగలిగినప్పుడు, గంటకి ఫీజు తీసుకునే మాలాంటివాళ్లు చెప్పకపోవడానికి సాకు లేదు.

కాబట్టి మీరు ఇప్పుడు థెరపీలో ఉంటే, మూడు నాలుగు సెషన్లయ్యాక అడగండి. "నా విషయం మీకు ఇప్పటిదాకా ఏమర్థమైందో చెప్తారా? ఇది ఎందుకు తగ్గట్లేదని మీరనుకుంటున్నారు?" అని ఇంత సూటిగానే అడగండి. ఇంకా స్పష్టత రాలేదు, ఫలానా ఫలానా అనుకుంటున్నాను అంటే అది మంచి జవాబే. చెప్పింది మీకు అతకకపోతే ఎక్కడ అతకలేదో అక్కడే చెప్పేయండి, తర్వాత ఏం మారిందో చూడండి. అడిగినందుకు చిరాకుపడినా, మీకెందుకు అన్నట్టు మాట్లాడినా, ఇంకొకరిని వెతుక్కోవడంలో తప్పులేదు. దగ్గర్లో ఎవరూ లేకపోతే 14416కి ఫోను చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌ది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. అక్కడ కూడా ఇదే ప్రశ్న అడగొచ్చు.